మరగబెట్టని కుడితి

ఓదెలు దొడ్డిలోకి వంగి, పడుకున్న పంది చెవిని వెలుతురుకేసి తిప్పాడు. ఎరుపు లేదు. కళ్లకు పుసి లేదు. తోక చుట్ట చుట్టుకునే ఉంది. ముఖం కడుక్కోకముందే ఒక్కో పందినీ ఇలా తడిమి చూడటం అతని అలవాటు. కేసముద్రం స్టేషను వెనక వాడంతటికీ పందుల రోగాలు కనిపెట్టే కన్ను అతనిదే.

"ఓదెలన్నా, జర ఒచ్చి సూడే."

పక్క గుడిసె సారమ్మ. మొగుడు పోయాక ఒక్క చూడిపందిని నమ్ముకుని బతుకుతోంది.

"మెతుకు ముడ్తలేదు. ఇది గూడ సమ్మెకు దిగిందేమోనే!" అని తనే నవ్వింది. "పసుల దవాఖానకు తాళమేసిండ్రు. డాక్టరు సారు రోడ్డు మీద టెంటుల కూసున్నడు."

ఓదెలు పోయి అదిలిస్తే సారమ్మ పంది లేచింది. వెనక కాళ్లు తాగినవాడిలా తూలాయి. చెవుల కొసలు నేరేడుపండు రంగు. పొట్ట మీది ఎర్రమచ్చను ఓదెలు బొటనవేలితో నొక్కి వదిలాడు. మచ్చ పాలిపోలేదు.

ఇవే గుర్తులు ఈమధ్య సంతలో కొన్న తన పందిలో చూశాడు. కొత్తదాన్ని దూరంగా కట్టేసే మనిషి కనుక మిగతావాటికి అంటలేదు. ఆ వారమే వాడవాళ్లు తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. "పంది నేనిస్త" అన్నాడు. మనుషులకు అంటే రోగం కాదు, ఎలాగూ చచ్చేదే, పేరన్నా వస్తుందనుకున్నాడు. వచ్చింది. మెడలో కండువా వేసి జై కొట్టారు.

తిన్నాక మాంసం కడిగిన నీళ్లు, ఎంగిలి మెతుకులు, బొక్కలు కుడితికి మిగిలాయి. "నా సూడిదానికి గింత తీస్కపోత, నీ బకెట్ ఇయ్యే" అంది సారమ్మ. నలుగురూ చూస్తున్నారు. ఇచ్చాడు. మరగబెట్టి పొయ్యమనే మాట నాలుక కొసదాకా వచ్చింది. ఎందుకని అడిగితే? మింగేశాడు.

"ఏందన్నా గట్ల సూస్తవ్?"

"ఎండదెబ్బ. నీళ్లు సల్లు."

తనూ బిందెలకొద్దీ మోశాడు. మధ్యాహ్నం దాటాక పంది ఒకవైపుకు ఒరిగి, మళ్లీ లేవలేదు.

గొయ్యి ఓదెలే తవ్వాడు. సారమ్మ గట్టున కూర్చుంది.

"కడుపుల పిల్లలు గూడ పోయినయి." కొంగుతో మొహం తుడుచుకుని, "నీయి మంచిగున్నయా అన్నా? ఉద్యమానికి ఇచ్చిన చెయ్యి, దేవుడు సల్లగ సూడాలె" అంది.

గొయ్యి సరిపోయినా ఓదెలు ఇంకా తవ్వుతూనే ఉన్నాడు. తలెత్తకుండా అన్నాడు: "కుడితి... మరగబెట్టి పొయ్యాలె సారమ్మా."

"ఇగ దేనికి పొయ్యాలె అన్నా?"

పొద్దుగూకే వేళకు సారమ్మ గుడిసెకు గొళ్లెం పెట్టి ఉంది. పత్తి ఏరే కూలీల ట్రాక్టరెక్కి చిట్యాల వైపు పోయిందని ఎవరో చెప్పారు.

ఓదెలు గడపలో అతని బకెట్టు ఉంది. బూడిదతో తెల్లగా తోమింది. అరువు తెచ్చిన గిన్నెను ఉత్తగా తిరిగివ్వకూడదని, దాని అడుగున గుప్పెడు చిక్కుడుకాయలు.