మాస్టారి చేత నీళ్లు తాగించిన రోజు

ఖుర్షిదా చీరాలలో ఒక ప్రైవేటు హైస్కూల్లో డ్రిల్లు టీచరు. 2003 మార్చిలో పది రోజుల శిక్షణకి పొదిలి వెళ్లింది. స్కూలు పిల్లల్ని కొండలకీ అడవులకీ తీసుకెళ్లే ఒక యువజన సంస్థ, వాళ్లని నడిపించే లీడర్లకి అక్కడ శిక్షణ ఇస్తోంది. మొత్తం ఎనిమిది మంది వచ్చారు. ఆడవాళ్లు ఇద్దరే.

నేర్పేది బుల్లయ్య మాస్టారు. మిలటరీలో పద్దెనిమిదేళ్లు చేసి వచ్చిన మనిషి. అరవైకి దగ్గరపడినా నడకలో కుర్రాళ్లకి అందడు. మొదటి రెండు రోజులూ పత్తి తీసేసిన చేలల్లో దిక్సూచి చేతికిచ్చి నడిపించాడు. మిరపకాయలు ఆరబోసిన కల్లాల పక్కన కూర్చోబెట్టి, అందరూ తుమ్ముతుంటే, విరిగిన కాలికి కట్టు కట్టడం నేర్పాడు.

తర్వాత కొండెక్కడం మొదలైంది. రోజుకొకరు లీడరు, మిగతావాళ్లు పిల్లల్లా నటించాలి. ఎనిమిదో రోజు, గురువారం, ఖుర్షిదా వంతు. పొద్దున్నే బయల్దేరారు. మార్టూరు నుంచి వచ్చిన కోటేష్ మాటిమాటికీ "టీచర్, ఆకలి" అని ఏడుస్తూ అందర్నీ నవ్వించాడు. పది గంటలకే ఎండ మండిపోతోంది. అరగంటకోసారి ఖుర్షిదా అందర్నీ ఆపి నీళ్లు తాగించింది. మాస్టారు మాత్రం సీసా మూత తీయలేదు.

పదిన్నరకి ఆయన రాయి తగిలి తూలాడు. ఖుర్షిదా వెనక్కి వచ్చి చూసింది. మొహం ఎర్రగా కందిపోయింది. చెమట లేదు.

"మాస్టారూ, కాసేపు కూర్చోండి."

"నన్ను వదిలెయ్యమ్మాయ్. నీ టీముని చూసుకో. నేను లెక్కలో లేను."

"ఇవాళ ఏ వారమండీ?"

"శనివారం. పద పద."

ఖుర్షిదా వెంటనే వెనక్కి తిరిగింది. "కోటేష్ గారూ, మాస్టారి బ్యాగు తీసుకోండి. ఇక్కడితో ఆగిపోతున్నాం."

కోటేష్ కదల్లేదు. "మాస్టారికి మనం చెప్పడమేంటండీ? రేపు మార్కులు వేసేది ఆయనే."

"ఇవాళ లీడర్ని నేను. తియ్యండి."

మాస్టారు బ్యాగు వదలనని గట్టిగా పట్టుకున్నాడు, కేకలేశాడు. ఆయన అంతగా అరవడం ఎవరూ వినలేదు. ఖుర్షిదా ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది. నీడకి చేర్చి చొక్కా గుండీలు విప్పారు. ఆమె తన చున్నీ తడిపి ఆయన మెడకీ చంకలకీ అద్దుతుంటే, కోటేష్ మ్యాపు విసనకర్రలా ఊపాడు. కాసేపటికి ఆయనకి తెలివి కుదురుపడింది. అప్పుడు గుక్క గుక్కగా నీళ్లు పట్టించింది. ముందుగా ఇద్దర్ని కిందికి పంపి ఆటో సిద్ధం చేయించింది. మిగతావాళ్లు ఆయన్ని మోసుకుంటూ దింపారు. పొదిలి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు.

మర్నాడు సాయంత్రం ఆయన నీరసంగా వచ్చి సమీక్షకి కూర్చున్నాడు. ముందు రోజు లీడరు జరిగిందంతా రాసి చదవాలి. ఖుర్షిదా "బృందంలో ఒకరికి వడదెబ్బ తగిలింది" అని మొదలుపెట్టింది.

"ఒకరెవరు? పేరు రాయి," అన్నాడు మాస్టారు. "సీసా నిండుగా ఉంచుకుని గొప్పకి పోయాడని కూడా రాయి."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "నన్ను ఆపింది పదిన్నరకి. పది గంటలప్పటికే నా నడక తేడాగా ఉంది. నువ్వు చూడలేదా?"

అందరూ ఆయన మెచ్చుకుంటాడని అనుకున్నారు. ఖుర్షిదా కూడా అదే అనుకుంది.

"చూశానండీ."

"మరి?"

"మీరు కదా అని మొహమాటపడ్డాను."

"నా చోట పన్నెండేళ్ల పిల్లాడుంటే ఆ అరగంట ఏమయ్యేది?"

ఆమె కాగితం ముందుకి లాక్కుని, ఆ అరగంట గురించి ఉన్నదున్నట్టు రాసింది. కింద ఆమె సంతకం, దాని కింద మాస్టారి సంతకం.

ఆ రిపోర్టు చదివి ఆఫీసువాళ్లు ఆయన్ని డాక్టరు పరీక్షకి పంపారు. షుగరని తేలింది. కొండెక్కడం మాన్పించారు. కొన్నాళ్లు ఆయన ఆమెతో ముభావంగానే ఉన్నాడు.

డిసెంబరులో పద్నాలుగు మంది పిల్లలతో మొదటి యాత్ర. లీడరు ఖుర్షిదా అని నిర్ణయించి, ఆమెకి ఉత్తరం మాస్టారే రాశాడు. బస్సు దగ్గరికీ వచ్చాడు. పిల్లలందరి బూట్ల తాళ్లూ వంగి ఒక్కొక్కటీ లాగి చూశాక, ఆమె ముందు నిలబడ్డాడు.

"నీ కాళ్లు కూడా చూపించమ్మాయ్," అన్నాడు.

ఖుర్షిదా కాలు ముందుకి పెట్టింది.