కుళాయి నీళ్ళ కబురు

“వెబ్‌సైట్‌లో పెట్టాం కదమ్మా! చూసుకోకపోతే మా తప్పా?”

కుర్చీలోంచి కదలకుండానే అన్నాడు నీళ్ళ సరఫరా ఆఫీసరు. మార్తకి ఒళ్ళు మండిపోయింది. నిండు చూలాలైన కోడలు బ్లెస్సీ పచ్చకామెర్లతో పోయి ఇంకా వారం తిరగలేదు. బందరు కాలవ గట్టు మీదున్న వాళ్ళ పేటలో ఇప్పుడు ఏ గడప తొక్కినా అదే జబ్బు.

“ఎక్కడ పెట్టారండీ?”

“ఇంటర్నెట్‌లో. కుళాయి నీళ్ళలో మురుగు కలిసింది, కాచి తాగండని ఇంగ్లీషులో స్పష్టంగా రాశాం.”

ఇంటర్నెట్టంటే కంకిపాడు నెట్ సెంటరుకి పోవాలి. పోయినా, కలుపు కూలోళ్ళకి ఇంగ్లీషెక్కడిది? అంటే వీళ్ళకి తెలుసు. బ్లెస్సీ ఆ నీళ్ళు తాగుతున్నప్పుడే తెలుసు!

మార్త తెచ్చిన కబురు విని సాయంత్రం చర్చి ముందు పేటంతా కూడింది.

“తెలుగులో రాయమని అర్జీ పెడదాం,” అన్నాడు సంఘపెద్ద కృపానందం.

“తెలుగైతే మాత్రం నాకేం కనపడుద్దండీ?” చాపలల్లే దాదాపీర్‌కి పుట్టుకతోనే చూపు లేదు. “నోటితో చెప్పమనండి!”

“నాకూ చదువు రాదు,” మార్త లేచింది. “అర్జీ చేరేలోపు ఇంకెంతమందిని పూడ్చాలి? వాళ్ళు చెప్పకపోతే చుట్టుపక్కల పేటలన్నిటికీ మనమే చెబుదాం. మైకు కట్టండి.”

“పర్మిషన్ లేకుండానా? లోపలేస్తారు మార్తా!” అన్నాడు కృపానందం.

“ఏసుకోనీ!” ఆడాళ్ళంతా ఒక్కసారే అరిచారు.

తెల్లారేసరికి రిక్షాకి మైకు కట్టారు. “అమ్మా, అయ్యా! కుళాయి నీళ్ళు మంచియి కావు! మరగకాచి తాగండి! కడుపుతో ఉన్నోళ్ళు మరీ జాగర్త!” మార్త గొంతు బొంగురుపోయింది. వీధివీధినా బిందెల్లో నీళ్ళు పారబోస్తున్నారు.

జీపొచ్చింది.

“పుకార్లు పుట్టిస్తావా?” ఎస్సై మైకు లాక్కున్నాడు.

“పుకారా? ఆ నీళ్ళ ఆఫీసర్నే అడగండి!”

రెక్క పట్టుకుని మార్తని జీపెక్కించారు. జీపు కదిలిందో లేదో, వెనక రిక్షా దగ్గర్నుంచి దాదాపీర్ గొంతు ఖంగుమంది: “కాచి తాగండి!” కుళాయిల దగ్గర ఆడాళ్ళు అందుకున్నారు. వీధి చివర ఇంకెవరో అందుకున్నారు. ఎవర్ని పట్టుకోవాలో తెలీక ఎస్సై నాలుగువైపులా చూశాడు. మార్త జీపులోంచి తల బయటపెట్టి వాళ్ళతో గొంతు కలిపింది.

కాలవ వంతెన దగ్గర జీపు ఆగిపోయింది. ఆ కేకలు విన్న కాలవ అవతలి పేట ఆడాళ్ళు రోడ్డుకి అడ్డంగా ఖాళీ బిందెలు బోర్లించుకుని కూచున్నారు. పరిగెత్తుకొచ్చిన కృపానందం ఆయాసపడుతూ వాళ్ళ మధ్యన చతికిలబడ్డాడు.

“మార్తని దించండి,” అన్నాడు. “ఆఫీసరుగారొచ్చి అందరికీ తెలిసేలా చెప్పాలి. అప్పటిదాకా ఈ జీపు కదలదు.”