ఎనిమిది కిలోల మిరపకాయలు

దుకాణం నుంచి తెచ్చిన ఎనిమిది కిలోల ఎండుమిరపకాయలను చాప మీద గుమ్మరించి, తొడిమలు తీస్తూ కూర్చుంది రవళి. మధ్యాహ్నం షిఫ్టు బస్సు ఇంద్రేశం మలుపుకు వచ్చేలోపు వీటిని కారం పట్టించడానికి గిర్నీకి పంపాలి. షార్జాలో ఉన్న మొగుడు బాలరాజ్ ఫోన్‌లో మరీ మరీ చెప్పాడు. "ఈడ అన్నీ పిరమే. కారం మనూరి నుంచే తెచ్చుకుంటే మస్తు మిగుల్తది."

వచ్చే నెల రవళి, కూతురు నిషిత అతని దగ్గరికి వెళ్లాలి. వీసా వచ్చిన రోజు రవళి ఆనందంతో ఏడ్చేసింది. సాయంత్రం పూట ముగ్గురూ అలా నడిచి వస్తున్నట్టు ఎన్నిసార్లు ఊహించుకుందో. అందుకే గడ్డపోతారం మాత్రల కంపెనీలో ఆరేళ్ల ఉద్యోగం మానేస్తానని ఈ రోజే సూపర్‌వైజర్‌కు చెప్పాలనుకుంది. మొన్ననే ఆమెను ప్యాకింగ్ లైన్‌కు ఇన్‌చార్జిని చేశారు. ఆ సంగతి చెబితే బాలరాజ్ నవ్వాడు. "నీ జీతం కూరగాయలకైన వస్తదా?" అతనికి అక్కడ తొలి నెలల్లో జీతం రానప్పుడు, ఇక్కడ ఇల్లంతా ఆ కూరగాయల జీతం మీదే నడిచింది. ఆ మాట ఆమె అనలేదు. అననివి కడుపులో చాలా ఉన్నాయి.

చేతులు భగ్గుమంటున్నాయి. తొడిమ తీస్తూ తీస్తూ ఆగిపోయింది. తమ ఇంట్లో కిలో కారం రెండు నెలలు వస్తుంది. ముగ్గురు మనుషులకు ఎనిమిది కిలోలా? మోచేత్తో ఫోన్ దగ్గరికి జరుపుకొని చిటికెన వేలితో బాలరాజ్ నంబరు నొక్కింది.

"ముగ్గురికి గింత కారమెందుకు?"

"ముగ్గురమేంది? రూమోళ్లు నలుగురు గూడ మనతోనే ఉంటరు. ఈడ కిరాయి ఇంటెనే గుండె ఆగుతది. అందుకే పెద్ద ఫ్లాట్ మాట్లాడిన. ఒక రూము మనకు, ఒకటి వాళ్లకు. కిరాయిల సగం వాళ్లదే. లెక్కంతా కట్టిన."

"మరి వంట?"

"నువ్వున్నవ్ గద!"

ఎంత సులువుగా అనేశాడు! కొత్త ఫ్లాట్‌లో నల్లా ఉంది, పొయ్యి ఉంది, రవళి ఉంది.

"ఇన్ని దినాలు ఎవరు వండిన్రు?"

"ఒక కేరళాయన వచ్చి వండిపోతుండె. నువ్వొస్తున్నవని మొన్ననే మానిపించినం. ఆయన జీతం ఇగ మిగిలినట్టే."

ఫోన్‌లో వెనకనుంచి, ఆ నలుగురిలో పెద్దవాడు నర్సన్న కేకేశాడు. "చెల్లె, జల్దీ రా! ఆయన పోయినకాంచి హోటల్ రొట్టెలే, నాలుక సచ్చిపోయింది."

పాపం, నర్సన్న మంచివాడే. నలుగురూ మంచివాళ్లే. తెల్లవారుజామున వాళ్ల డబ్బాలు, రాత్రి వాళ్ల కంచాలు, మధ్యలో గిన్నెలు. అందరూ కూడబలుక్కున్నారు, ఉన్న వంటమనిషిని పంపేశారు. వండవలసిన మనిషిని మాత్రం ఎవరూ ఒక మాట అడగలేదు. రవళికి ఒళ్లు మండిపోయింది.

"ఆయనకిచ్చిన జీతం నాకిస్తరా?"

బాలరాజ్ గొంతు తగ్గించాడు. "ఏం మాటలే అవి? ఇంటిదానికి గూడ జీతమా? నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తున్నవ్."

గడప దగ్గర కూర్చున్న అత్త మొగులమ్మ అందుకుంది. "నలుగురు మరుదులకు వండిపెట్టిన నేను. అరిగిపోయిన్నా?"

అరిగిపోయింది. రెండు మోకాళ్లు అరిగిపోయి, గోడ పట్టుకుని నడుస్తోంది. ఆ నలుగురు మరుదుల్లో ఒక్కడైనా "వదినా, నువ్వు తిన్నవా?" అన్నట్టు ఆమె ఏనాడూ చెప్పలేదు. రవళికి ఆమె మీద కోపం రాలేదు, భయం వేసింది. తన ముసలితనం గడప దగ్గర కూర్చుని తనకే బుద్ధి చెబుతున్నట్టుంది.

"స్పీకర్ పెట్టు" అంది బాలరాజ్‌తో. "నర్సన్నా, ఇంటున్నవా? ఆ కేరళాయనను మళ్ల పిలువుర్రి. ఆయన పని ఆయనకే ఉండనియ్యిర్రి. నా పని నేను ఇడిషిపెడ్తలేను."

"అంటే రావా?" బాలరాజ్ గొంతు పెరిగింది.

"వస్త. మన ముగ్గురికే వేరే రూము, నాకు ఆడ పని దొరికిన నాడు చెప్పు. గప్పుడు నీ లెక్కల నా జీతం గూడ రాసుకో."

ఫోన్ పెట్టేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నా మంట పోలేదు. కంపెనీ గుర్తింపు కార్డు మెడలో వేసుకుని చాప దగ్గరికి వచ్చింది. తొడిమలు తీసినవి కిలో ఉంటాయేమో, వాటిని చేటలోకి ఎత్తింది. తక్కినవన్నీ సంచిలో పోసి మూతి బిగించింది.

"అవి గిర్నీకేనా?" అనుమానంగా అడిగింది మొగులమ్మ.

"గీ చేటలయి మనింటికి, అత్తమ్మా" అంది రవళి, సంచి భుజానికెత్తుకుంటూ. "ఇవి వాపస్ దుకాణానికి."