తేజ పెట్టిన లోతు

ఎడారి ఊరు చాండ్లర్‌లోని ఆ ఇంటి గరాజ్‌లో కారు పట్టేది కాదు. ఒక గోడ పొడవునా తేజేశ్వర్ బల్లే. దానికి బిగించిన, తూటాలు నొక్కి చేసే ప్రెస్, ప్రెస్‌లో డై అనే అచ్చు, డై నెత్తిన అంకెలున్న చిన్న మర. రైఫిల్ తూటా తయారుచేసేటప్పుడు కేస్ అనే ఇత్తడి గొట్టంలోకి ముందుండే బుల్లెట్ ఎంత లోతు దిగాలో నిర్ణయించేది ఆ మరే. శీతాకాలంలో తేజ పోయాక అతని భార్య నమ్రత తన తూటాలు తనే చేసుకుంటోంది. తుపాకి మందు తూచింది, కేసులు శుభ్రం చేసింది. ఆ మర మీద మాత్రం వేలు పెట్టలేదు. అతను ఆఖరిసారి తిప్పిన చోటే అది ఉంది.

ఆదివారం షూటింగ్ క్లబ్‌లో ఇద్దరిద్దరి పోటీ. తేజ, అతని స్నేహితుడు రాజ్ కలిసి దిగే పోటీ అది. తేజ చోటులో తను వస్తానని నమ్రతే అడిగింది. తీరా ప్రాక్టీస్‌లో తూటాలన్నీ టార్గెట్ కాగితం మీద చెదిరిపోయాయి. అలాగే వెళ్తే తనతోపాటు రాజ్ కూడా ఓడిపోతాడు.

"సెట్టింగ్ మారుస్తాను" అంది.

రాజ్ ఉలిక్కిపడ్డాడు. "అది అన్న పెట్టిన నంబర్ వదినా. దాన్నెందుకు టచ్ చేస్తరు?"

"పేపర్ చూశావా? ఇడ్లీ ప్లేటులా ఉంది. గుంటకొకటి."

"గాలి ఉండె."

"జెండా కదల్లేదు."

"అంటే... మీ ట్రిగ్గర్ పుల్లేమన్నా..."

"అను, పరవాలేదు. నీ రైఫిల్‌తో పొద్దున నీకంటే బాగా కొట్టాను. అప్పుడు ఈ వేలే కదా?"

రాజ్ నవ్వేశాడు. కానీ చూపు మర మీది నుంచి తియ్యలేదు. "మనిషి పోయినంక ఆయన చెయ్యి పెట్టింది కదిలిస్తే ఎట్లనో ఉంటది వదినా" అన్నాడు మెల్లగా.

నమ్రతకూ అలాగే ఉంది. అయినా మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేని ఉత్త కేస్ ఒకటి తీసి, దాని మూతిలో బుల్లెట్‌ను వదులుగా నిలబెట్టి, రైఫిల్‌లో పెట్టి బోల్ట్ మూసింది. బ్యారెల్ లోపలి గాడులు తగిలినచోట బుల్లెట్ ఆగి, మిగతాది వెనక్కి కేస్‌లోకి దిగింది. జాగ్రత్తగా బయటికి తీసి కాలిపర్‌తో కొలిచింది. తేజ రాసిపెట్టుకున్న కొలతతో పోలిస్తే గాడులు ముందుకు జరిగాయి. కాల్చినకొద్దీ వేడికి వాటి మొదలు అరుగుతుంది. అతను పోయాక ఈ రైఫిల్‌తో కాల్చింది తనొక్కతే. ఈ అరుగుదల తనదే.

"చూడు రాజ్, బుల్లెట్‌కీ గాడులకీ మధ్య ఎడం పెరిగిపోయింది. తేజ కాపాడుకున్నది ఈ ఎడాన్ని. నంబర్‌ని కాదు. ఉండుంటే ఎప్పుడో మార్చేవాడు."

"మీరు గెస్ చేస్తున్నరు."

"అందుకే టెస్ట్ చేద్దాం. మా క్లాసులో పిల్లలకి చెప్పేదే. ఒక్కసారి ఒక్కటే మార్చాలి."

గాడులకు దగ్గరైతే ఒత్తిడి పెరగవచ్చు కాబట్టి అన్నిటికీ మందు కాస్త తగ్గించింది. ముందు పాత లోతులోనే ఒక వరస తూటాలు చేసింది. తర్వాత మర మీద వేళ్లు ఆనించింది. క్షణం ఆగింది. తిప్పింది. గట్టిగా ఉంటుందనుకుంది గాని నూనె రాసి ఉంచినట్టు సులువుగా తిరిగింది. ఇంకో వరస, మరి కొంచెం తిప్పి ఇంకో వరస. బుల్లెట్లు వరసవరసకీ కాస్త పైకి నిలబడ్డాయి.

శనివారం ఉదయం ఎడారి ఇంకా చల్లగా ఉండగానే షూటింగ్ రేంజ్‌కి వెళ్లారు. పాత లోతు వరస మళ్లీ చెదిరింది. రెండో వరస కన్నాలు దగ్గరకు వచ్చాయి. ఒక్కొక్క తూటాకీ బోల్ట్ తీసి, కాలిన కేస్‌ను వేళ్లతో తిప్పి చూసింది. ఒత్తిడి ఎక్కువైన జాడ లేదు. మూడో వరసకి రాజ్ బైనాక్యులర్ దించకుండా చూస్తూనే ఉన్నాడు.

"వదినా, రెండో బుల్లెట్ ఎక్కడ పడ్డది? మిస్సా?"

"అదే కన్నంలోంచి పోయింది."

నడిచి వెళ్లి కాగితం చూశారు. కన్నాలన్నీ ఒకదానిలోకొకటి కలిసిపోయి ఉన్నాయి. రాజ్ ఆ కన్నం అంచున వేలు పెట్టి చూశాడు. తర్వాత ఫోన్ తీశాడు. "కొత్త నంబర్ చెప్పండి, సేవ్ చేసుకుంట."

"వద్దు. ఇదీ అరుగుతుంది. మళ్లీ కొలుస్తాను" అంది నమ్రత, కాగితం మడుస్తూ. "రేపు నువ్వు ముందు కాలుస్తావా, నేను కాల్చనా?"

"ఎప్పుడూ అన్ననే ముందు."

"అయితే నేనే" అంది.