దిగిన పసుపు

1961 వేసవిలో చీరాల నుంచి మల్లేశ్వరి ఏడు వారాల కొడుకును గుంటూరు ఆస్పత్రికి తెచ్చింది. బిడ్డ కళ్ళూ ఒళ్ళూ పచ్చగా ఉన్నాయి. దొడ్డికి మాత్రం తడి సున్నంలా తెల్లగా వెళ్తున్నాడు. తోడుగా అత్త నాంచారమ్మ వచ్చింది. నలభై ఏళ్ళుగా నూలుకు రంగులు వేసిన మనిషి.

డాక్టర్ ప్రేమమ్మ బిడ్డ పొట్ట నొక్కి చూసింది. కాలేయం గట్టిగా తగిలింది.

"పాలు బాగానే తాగుతున్నాడండీ. మరి ఎందుకు చిక్కిపోతున్నాడు?" అడిగింది మల్లేశ్వరి.

"పాలలో వెన్న అరగాలంటే పైత్యరసం కావాలమ్మా. అది కాలేయంలో పుట్టి, సన్నటి గొట్టంలోంచి పేగులోకి దిగాలి. దొడ్డికి రంగిచ్చేదీ అదే. వీడికి దిగట్లేదు. ఆ గొట్టమే లేదో, రసం చిక్కబడి అడ్డుపడిందో పైనుంచి తెలీదు. రెండు వారాలు చూద్దాం. తర్వాత మద్రాసు పంపి పొట్ట కోసి చూడాల్సిందే."

మల్లేశ్వరి బిడ్డను గుండెకు హత్తుకుంది.

బిడ్డ దొడ్డికెళ్ళిన ప్రతి గుడ్డా దాచి చూపించమంది డాక్టరు. పన్నెండు రోజులూ తెలుపే. మల్లేశ్వరి గుడ్డల వంక చూడటం మానేసింది. మద్రాసుకు ఉత్తరం తయారైంది.

పదమూడో రోజు పొద్దున నాంచారమ్మ గుడ్డను కిటికీ వెలుగులో పట్టుకుంది. "డాక్టరమ్మగారూ, ఇది నిన్నటి తెలుపు కాదండీ."

ప్రేమమ్మ వంగి చూసింది. "నాకు తెల్లగానే ఉందమ్మా."

"కాదండీ. పసుపు చేతులు ముంచిన నీళ్ళలో తెల్లనూలు జాడిస్తే ఎట్టా ఉంటదో అట్టా ఉంది. రంగు చూసే బతికినదాన్ని, నా మాట నమ్మండి."

డాక్టరు మద్రాసు ఉత్తరం పక్కన పెట్టింది. "సరే, రెండు రోజులు ఆగుదాం."

మూడో పొద్దుకు గుడ్డ మీద శనగపిండి రంగు కనబడింది. ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ముగ్గురాడవాళ్ళూ ఆ మురికిగుడ్డ చుట్టూ నిలబడ్డారు.

"ఏ మందు పని చేసిందండీ?" అడిగింది మల్లేశ్వరి.

"ఏ మందూ కాదమ్మా. గొట్టం ఉంది. గడ్డిపరకంత ఉంటుందేమో. అది తనంతట తనే తెరుచుకుంది. ఎట్లాగో నాకూ తెలీదు."

నాంచారమ్మ మనవడి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. "ఎన్ని రంగులు కాచానో. ఇంత చిన్న పొయ్యి మీద కాగే రంగు ఎప్పుడూ చూళ్ళేదు తల్లీ," అంది మెల్లగా.

నెలలో బిడ్డ కళ్ళు తెల్లబడ్డాయి. ఒళ్ళు చేశాడు. చీరాల రైలెక్కేనాడు సత్తెనపల్లి నుంచి ఇలాంటి పచ్చ బిడ్డతోనే వచ్చిన కరీమున్ అనే తల్లి దగ్గర గుడ్డ తీసుకుని, ప్రేమమ్మ నాంచారమ్మ దగ్గరికే వచ్చింది. "ఒక్కసారి ఇది చూడండమ్మా."