వేలిగోటికి తగలని గీత

అక్క యాభై దాటాక పెళ్ళి చేసుకుంది. ఎవరూ ఊహించలేదు, కలిసి ఉంటున్న చెల్లెలు అసలే ఊహించలేదు. వరుడు భార్య పోయిన లెక్కల మాస్టారు. అక్క పనిచేసే లైబ్రరీకి రోజూ వచ్చి, తీసుకున్న పుస్తకం చదవకుండానే తిరిగి ఇచ్చేవాడట.

"నువ్వేం అనుకోవుగా?" అని అక్క అడిగింది.

"అనుకోవడానికేముందే? నాకూ సంతోషమే" అంది చెల్లెలు. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ అక్క పెట్టెలు లిఫ్టులో దిగిపోయాక, ఆ రెండు గదుల ఫ్లాట్‌లో తన వంటింటి కుక్కరు కూత కూడా పక్కింట్లోంచి వచ్చినట్టు వినిపించింది.

చెల్లెలు పళ్ళ ల్యాబులో పనిచేసేది. డాక్టర్లు పంపిన అచ్చులు చూసి కట్టుడు పళ్ళు చేయడం ఆమె పని. పింగాణీ పొడి పొరలు పొరలుగా వేసి, కాల్చి, నునుపు చేసి, పక్క పన్ను రంగులో కలిసిపోయేలా చేయాలి. తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో ఆమెకు తెలుసు. ఆమె చేసిన పళ్ళతో ఊళ్ళో ఎంతమంది నవ్వుతున్నారో గాని, వాళ్ళలో ఒక్కరి ముఖమూ ఆమె ఎరగదు. ల్యాబులో మిషన్ల హోరు, ముక్కుకు మాస్కు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడిచి "అమ్మయ్య" అన్నాక, ఇవాళ తాను నోరు విప్పి అన్న మొదటి మాట అదేనేమోనని ఒక్కోసారి అనుమానం వచ్చేది.

అక్క తన కారు వదిలేసి వెళ్ళింది. బూడిదరంగు చిన్న కారు. అక్క డ్రైవింగు అంతంతమాత్రం. పార్కింగులో స్తంభాన్ని పలకరించకుండా ఆమె ఏనాడూ కారు తిప్పలేదు. ఎడమవైపు తలుపుల నిండా గీతలే. ఒకచోట రంగు లేచిపోయి లోపలి రేకు కనిపిస్తోంది. అక్కడ తుప్పు మొదలైంది.

ఒక ఆదివారం ఏమీ తోచక చెల్లెలు కిందికి దిగి కారు కడిగింది. గీతల మీద వేలు రాసి చూసింది. కొన్నిచోట్ల వేలిగోరు ఆగింది, కొన్నిచోట్ల జారిపోయింది. వర్క్‌షాపుకు ఇస్తే ఒక పూటలో చేసిచ్చేవాళ్ళే. కానీ ఆ పూట తాను ఏం చేయాలి? తలుపు అంచున అంటించిన చీటీలో రంగు నంబరు చూసి, సామాన్ల షాపులో ఆ రంగు చిన్న సీసా, గరుకు కాగితం, పాలిష్ డబ్బా కొనుక్కొచ్చింది.

మొదటిసారి అభాసుపాలైంది. ఎండలో, సీసాతో వచ్చిన బ్రష్షుతో దట్టంగా పూసేసింది. రంగు ఆరేసరికి బుడిపెలు కట్టింది.

పొద్దున్నే బకెట్టుతో వచ్చి అందరి కార్లూ తుడిచే పెద్దాయన అది చూసి ఆగాడు. "ఏంటమ్మా, కారుకి ఈడొచ్చిందా? మొటిమలేసింది!"

ఆమె నవ్వింది. చాలాకాలం తర్వాత ఒక మనిషి ఎదురుగా నవ్వింది.

తర్వాతి వారం తన పని గుర్తుతెచ్చుకుని చేసింది. పన్ను మీద పింగాణీ ఎలా వేస్తుందో అలాగే. కారును నీడలోకి తెచ్చి, సబ్బుతో కడిగి, స్పిరిట్ గుడ్డతో జిడ్డు తీసింది. పాత బుడిపెలనూ తుప్పునూ గీకి, అడుగుపూత వేసింది. ల్యాబులో వాడే సన్నటి బ్రష్షుతో ఒక పల్చటి పొర, అది ఆరాక ఇంకో పొర. పైన గాజులాంటి పూత. అది గట్టిపడడానికి వారం ఆగింది. ఆ తర్వాత సన్నరకం గరుకు కాగితాన్ని తడిపి, పాలు తొణకకుండా గిన్నె మోసినంత జాగ్రత్తగా రుద్దింది. పాలిష్ పెట్టి గుండ్రంగా తిప్పి, చివర మైనం పూసి తుడిచేసరికి తలుపులో తన ముఖం కనిపించింది. ఎక్కడ మరమ్మతు చేసిందో తానే వెతుక్కోవాల్సి వచ్చింది.

నాలుగో అంతస్తులో ఉండే అపార్ట్‌మెంట్ సెక్రటరీ అది చూసి కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "మేడమ్, మీరే చేశారా? మా బంపరు కూడా కాస్త చూసి పెడతారా?"

చూసి పెట్టింది. ఆయన భార్య స్టూలు పంపింది, టీ పంపింది, చివరికి తానే దిగొచ్చి మోకాళ్ళ నొప్పుల గురించి మధ్యాహ్నం దాకా మాట్లాడింది. ఆ మరుసటి ఆదివారం ఇంకొకరు, ఆపైన ఇంకొకరు. డబ్బిస్తామంటే ఆమె తీసుకునేది కాదు. కూర్చుని మాట్లాడితే చాలు. ఎవరి అత్తగారు ఏమన్నదీ, ఎవరింట్లో నల్లా కారుతున్నదీ అన్నీ ఆమెకు తెలిసిపోయాయి. ఆమె తలెత్తకుండా రుద్దుతూ, ఊఁ కొడుతూ వినేది. పిల్లలు "పాలిష్ ఆంటీ" అని పేరు పెట్టారు.

అందరిలోకీ ఎక్కువసేపు కూర్చున్నది మూడో అంతస్తు అమ్మాయి. కొత్తగా కాపురానికొచ్చింది, ఇంట్లోంచే ఉద్యోగం చేసుకుంటుంది. వాళ్ళ ఎర్ర కారు తలుపు అంచు పెచ్చూడితే, పనంతా అయ్యేదాకా గోడకానుకుని కబుర్లు చెప్పింది.

"ఆయన క్యాంపులకెళ్తే నాకు పిచ్చెక్కుతుంది ఆంటీ. గోడలతో మాట్లాడుతుంటా."

"ఏమంటాయి గోడలు?"

"మీలాగే. ఊఁ కొడతాయి."

ఇద్దరూ పడీపడీ నవ్వుకున్నారు. ఆ వారమంతా ఆ మాట తలచుకుని ఆమె ల్యాబులో మాస్కు వెనక నవ్వుకుంటూనే ఉంది.

కానీ ఒక అపార్ట్‌మెంటులో ఎన్ని గీతలుంటాయి? ఆమె పనితనం మంచిది, అదే చిక్కయింది. అన్ని కార్లూ అద్దాల్లా తయారయ్యాయి. ఆదివారం ఆమె స్టూలు వేసుకుని కూర్చుంటే, జనం "బాగున్నారా ఆంటీ?" అంటూ తాళాలు ఊపుకుంటూ వెళ్ళిపోయేవారు. ఒకసారి సెక్రటరీని ఆపి, "మైనం ఇంకోసారి పెట్టేదా?" అని అడిగింది.

"మొన్ననేగా పెట్టారు మేడమ్! వానాకాలం దాకా అక్కర్లేదన్నారు కదా" అన్నాడాయన, కారు ఎక్కుతూనే.

అక్క ఫోన్ చేసినప్పుడు, "ఆదివారాలు అస్సలు తీరిక ఉండటం లేదే" అని చెప్పింది. అక్క నమ్మింది.

ఒక శనివారం మధ్యాహ్నం కూరగాయలు తెచ్చుకుని పార్కింగులోంచి వస్తోంది. ఎవరూ లేరు. ఎర్ర కారు నిగనిగలాడుతోంది. చేతిలో తాళంచెవి ఉంది. కారు పక్కనుంచి నడుస్తూ, వెనక తలుపు మీద తాళంచెవి కొసను ఆనించింది. నొక్కలేదు. పైనున్న గాజుపూత దాటనంత పల్చగా, జానెడు మేర లాగింది. వేలిగోటితో చూసుకుంది. గోరు ఆగలేదు. ఒక్క పూట పాలిష్‌తో పోతుంది. కూరగాయల సంచి రెండో చేతికి మార్చుకుని లిఫ్టెక్కింది. ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాకే, తాళంచెవి కొసకు ఏమైనా అంటిందేమోనని చూసుకుంది.

మర్నాడు పొద్దున్నే కాలింగ్ బెల్ మోగింది. "ఆంటీ, మళ్ళీ మీకే పని పెట్టాం" అంది ఆ అమ్మాయి.

ఆ పూట బంగారంలా గడిచింది. అమ్మాయి తన చిన్నప్పటి సంగతులు చెప్పింది, జడ వేసుకుంటూ చెప్పింది, ఆఫీసులో మేనేజరు గొంతు అనుకరించి చూపించింది. గీత పోయింది. కానీ భర్త మాత్రం చేతులు కట్టుకుని నిలబడి, "ఇది దానంతటదే పడింది కాదు. పొద్దున్నే కారు తుడిచేదెవరు?" అన్నాడు. ఆమె పాలిష్ గుడ్డ మడతపెడుతూ ఉండిపోయింది.

సోమవారం ల్యాబుకు బయల్దేరుతుంటే గేటు దగ్గర బకెట్టు బోర్లించి ఉంది. సెక్రటరీ, ఎర్ర కారు భర్త ఒకవైపు. తుడిచే పెద్దాయన ఒకవైపు.

"నా వేలికి ఉంగరం కూడా లేదు సార్, చూడండి" అని ఆయన రెండు చేతులూ తిప్పి చూపిస్తున్నాడు.

"రేపట్నుంచి రావద్దు. మాటలొద్దు" అన్నాడు సెక్రటరీ.

పెద్దాయన తలతిప్పి ఆమెను చూశాడు. ఆమె కూడా చూసింది. బస్సుకు ఆలస్యమవుతోందన్నట్టు గడియారం వైపు చూసుకుని గేటు దాటిపోయింది.

ఆ రోజు ల్యాబులో ఆమె చేసిన పన్ను రంగు కుదరలేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ కుదరలేదు. పక్క బల్ల అమ్మాయి మిషన్ ఆపి, "అక్కా, ఒంట్లో బాలేదా?" అని అడిగింది. బోర్లించిన బకెట్టే కళ్ళముందు ఆడుతోంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా నాలుగో అంతస్తుకు వెళ్ళి, మూడో అంతస్తు వాళ్ళని కూడా పిలిపించమంది. అందరూ వచ్చాక, కూర్చోమన్నా కూర్చోకుండా, "ఆ గీత గీసింది నేను" అంది.

సెక్రటరీ తేలిగ్గా నవ్వేశాడు. "ఏ బ్యాగు గొలుసో తగిలుంటుంది. దానికింత…"

"గొలుసు కాదండీ. తాళంచెవితో గీశాను. కావాలనే."

సెక్రటరీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మేం మీకేం ద్రోహం చేశామండీ?" అన్నాడు భర్త. కోపం కన్నా అయోమయమే ఎక్కువగా ఉంది గొంతులో.

"ఏమీ చెయ్యలేదు బాబూ. గీత పడితే పిలుస్తారు కదా అని…"

సెక్రటరీ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ అమ్మాయి మాత్రం ఆమెనే చూస్తూ, "తలుపు కొడితే తీసేదాన్ని కదా ఆంటీ" అంది. ఆ గొంతులో నిష్ఠూరముంది. అదే ఆమెకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది.

సెక్రటరీ వెంటనే ఫోన్ చేసినా పెద్దాయన రావడానికి కొన్నాళ్ళు పట్టింది. ఆయన వచ్చిన పొద్దున ఆమె కిందికి దిగి ఎదురుగా నిలబడింది.

"నన్ను క్షమించండి. నా వల్ల మాటపడ్డారు."

ఆయన గుడ్డ గట్టిగా పిండాడు. "మీరు ఒప్పుకున్నారని చెప్పారమ్మా, అందుకే వచ్చాను. మనిషన్నాక తప్పు చేస్తాడు, దాన్ని నేనేం అనను. కానీ ఆ పొద్దున మీరు నన్ను చూసి కూడా వెళ్ళిపోయారు." గుడ్డ దులిపాడు. "మీ కారు మీరే తుడుచుకోండమ్మా."

ఆమె తలూపింది.

జనం ఆమెను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కార్లకు ముసుగులు వేశారు. స్తంభానికి కెమెరా బిగించారు, అది తన కారు వైపే తిరిగి ఉన్నట్టనిపించేది ఆమెకు. లిఫ్టులో ఎక్కితే అందరూ ఫోన్లు చూసుకునేవారు. పిల్లలు "పాలిష్ ఆంటీ" అనబోతే తల్లులు చెయ్యిపట్టి లాగేవారు. పాలిష్ డబ్బాలు అటక మీద పెట్టేసింది.

అక్క ఫోన్ చేసింది. "ఈ ఆదివారమైనా తీరిక ఉందా?"

"బోలెడంత" అంది. అని, జరిగిందంతా చెప్పేసింది.

"మరి ఇన్నాళ్ళూ తీరిక లేదన్నావేమే?" అంది అక్క.

"ఖాళీగా ఉన్నానంటే నువ్వక్కడ సుఖంగా ఉండలేవని."

అక్క ముక్కు చీదిన శబ్దం వినిపించింది. వచ్చే నెల మాస్టారితో కలిసి వస్తానంది. ఫోన్ పెట్టేశాక ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే అయింది.

వానలు మొదలైన ఒక శనివారం సాయంత్రం, ఆమె తలదువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని, లిఫ్టెక్కకుండా మెట్లమీదుగా మూడో అంతస్తుకు వెళ్ళింది. తలుపు ముందు నిలబడి ఒకసారి వెనక్కి తిరిగింది కూడా. మళ్ళీ వచ్చి, బెల్లు నొక్కకుండా మెల్లగా తలుపు తట్టింది.

ఆ అమ్మాయి తీసింది. చెవిలో ఫోన్ తీగ వేలాడుతోంది. ముఖంలో నవ్వు లేదు. "ఏం కావాలి ఆంటీ?"

"ఏమీ అక్కర్లేదమ్మా. ఊరికే వచ్చాను."

అమ్మాయి లోపలికి చూసింది, మళ్ళీ ఆమెను చూసింది. "ఆయన ఊళ్ళో లేరు. నాకు ఆఫీసు మీటింగుంది, ఎంతసేపవుతుందో తెలీదు."

"పోనీ, ఇంకోసారి వస్తాలే."

అమ్మాయి తలుపు పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత పక్కకు తప్పుకుంది. "కూర్చోండి" అని, లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. లోపలినుంచి అమ్మాయి గొంతు, ఎవరికో ఏవో లెక్కలు చెబుతూ, ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లగా వినిపిస్తోంది. బయట వాన. గదిలో చీకటి పడింది. పరాయి ఇంట్లో స్విచ్చు ముట్టుకోవడానికి మొహమాటపడి అలాగే కూర్చుంది. ఇక వెళ్ళిపోవాలేమో అనిపించింది. కానీ గోడకవతల ఒక మనిషి మాట్లాడుతుంటే వింటూ కూర్చోవడం కూడా ఆమెకు బాగానే ఉంది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. "అయ్యో, ఇంకా ఉన్నారా?" అంది అమ్మాయి.

ఆమె గబుక్కున లేచింది. "వెళ్తానమ్మా."

"అది కాదు, చీకట్లో కూర్చున్నారేంటీ అని" అంటూ అమ్మాయి లైటు వేసింది.