వెలికా ఎప్పుడు నిద్రపోయింది?

పోయినవాళ్లని తలుచుకునే పెద్దల శనివారం నాడు శ్మశానంలో ఉడకబెట్టిన గోధుమలు పంచడం స్పసియాకి కొత్త కాదు. గిన్నెలోంచి చెంచాడు తీసి ఎదుటివాళ్ల అరచేతిలో పెట్టాలి. వాళ్లు "దేవుడు క్షమించుగాక" అనాలి. పోయినవాడు పుణ్యాత్ముడైనా, కోళ్ల దొంగైనా అదే మాట. అందులో ఎవరూ ఏమీ వెతకరు. కానీ ఆ ఏడు రాజధాని స్కోపియే నుంచి వచ్చిన ఒకావిడ గోధుమలు అందుకుని, స్పసియా తల్లి సమాధి రాయి మీద చెక్కిన దీపస్తంభం బొమ్మ చూసి కళ్లొత్తుకుంది.

"దీపం కాసిన మనిషా? పెళ్లిపడవ మొత్తం మునిగిపోయిందటగా! పాపం, దేవుడు క్షమించుగాక."

స్పసియా చెయ్యి అక్కడే ఆగిపోయింది. చుట్టూ ఉన్న ఊరివాళ్లలో ఒక్కరూ నోరు విప్పలేదు. అదీ ఆమెకి అసలు మంట.

వాళ్లకి తెలియదా? సరస్సులోకి పొడుచుకొచ్చిన బండ మీద ఆ పొట్టి స్తంభం కట్టింది స్పసియా తాత, ఆయన తోటి జాలర్లు. కొండగాలి దిగితే చాలు, అవతలి ఒడ్డు సంత నుంచి వచ్చే పడవలు ఆ బండకే కొట్టుకునేవి. పైకి కిరోసిన్ మోసి దీపం పెట్టడం స్పసియా తల్లి వెలికా పని. జ్వరంలో మోసింది, కడుపుతో ఉండి మోసింది. మొగుడి శవం ఇంట్లో ఉండగా వెళ్లి వెలిగించి వచ్చి, అప్పుడు ఏడవడానికి కూర్చుంది. ఆమె ఉన్నన్నాళ్లూ బండకి ఒక్క పడవ తగల్లేదు. తర్వాత సరస్సు చుట్టూ రోడ్డు పడింది, పడవలతో పని లేకపోయింది, దీపం ఆర్పేశారు. ఇంకొన్నాళ్లకి టూరిస్టులొచ్చారు. వాళ్లని తిప్పడానికి నౌమ్ మోటారు పడవ, దాంతోపాటు ఈ కథా వచ్చాయి. దీపం కాసే పిల్ల ప్రియుడి ఒళ్లో నిద్రపోయిందట, దీపం ఆరిందట, పెళ్లికూతురితో సహా పడవ మునిగిందట. అబద్ధానికి అంత సోకెందుకో!

స్పసియా గిన్నె అక్కడే పెట్టేసి రేవుకి దిగింది.

"ఒరేయ్ నౌమ్, నీ నోట్లో మన్ను పడ! మా అమ్మ ఎవడి ఒళ్లో పడుకుందిరా?"

నౌమ్ ఆమెకి వరసకి మేనల్లుడు. కంగారుగా తాడు వదిలి లేచాడు.

"అరవకత్తా, పడవలో జనం ఉన్నారు. నేనెప్పుడూ పేరు చెప్పలేదు."

"ఆ దీపానికి ఉన్నదే ఒక్క మనిషి. ఇంక పేరెందుకురా, నీ మొహం మండ!"

"నిజం చెప్పి చూశాను, నీ మీదొట్టు. రోజూ వెలిగించింది, అందరూ ఇళ్లకి చేరారు అన్నాను. 'తర్వాత?' అన్నారు. తర్వాత ఏం చెప్పను?"

"ఏమీ లేదు. దీపం ఉన్నదే అందుకు. పద, నేనూ ఎక్కుతాను. నా ముందు చెప్పు."

పడవ కదిలింది. నౌమ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకడు ఆవలించాడు. మీసాలాయన మాత్రం ఊరుకోలేదు.

"ఎవరూ చావలేదా? హోటల్లో వేరేగా చెప్పారే!"

"మా పాపకి బళ్లో కూడా చెప్పారు," అంది పిల్లని స్పసియా పక్కన కూర్చోబెట్టుకున్న తల్లి. "పోయినవాళ్ల పరువని దాస్తున్నట్టున్నారు."

హోటల్, బడి. ఇంకెన్ని గుమ్మాలు ఎక్కి దిగాలి? ఇన్నేళ్లుగా చర్చి ముంగిట్లో, రొట్టెల కొట్టు దగ్గర వాదించి వాదించి స్పసియా నాలుక పిడచగట్టుకుపోయింది. ఇక తన వల్ల కాదనిపించింది. లేచి, తూలుతూ నౌమ్ దగ్గరికి వెళ్లి, ఇంజను మోతలో అతని చెవి దగ్గర వంగింది.

"వాళ్ల కథే చెప్పేయ్. కానీ ఆ రాత్రి అమ్మకి ఒంట్లో బాగోలేదు, కూతుర్ని పంపిందని చెప్పు. నిద్రపోయింది కూతురు."

"మతి పోయిందా అత్తా? నిన్ను ఊరంతా..."

"అననీ. నేనైతే ఎదురు తిట్టగలను, చచ్చినదానికి నోరు లేదు. అమ్మని వదిలేయండ్రా, మీకు దణ్ణం పెడతాను."

ఆమె తిరిగి వచ్చి కూర్చుంది. బండ దగ్గర నౌమ్ ఇంజను ఆపి కథ మొదలుపెట్టాడు. మధ్యలో చేత్తో మొహం తుడుచుకున్నాడు. అది కథకి బాగానే కలిసొచ్చింది. చివర్లో తల వంచుకుని, "ఆ కూతురు ఇంకా బతికే ఉంది. అదిగో," అన్నాడు.

అందరూ తిరిగి చూశారు. పక్కనున్న తల్లి గబుక్కున పిల్లని తన ఒళ్లోకి లాక్కుంది. లాగడంలో పిల్ల కాళ్లు స్పసియా మోకాలికి తగిలాయి.

వాళ్లకి చోటు సరిపోయేలా స్పసియా ఇంకాస్త అంచుకి జరిగి కూర్చుంది.